తాళంచెవి ఎవరి జేబులో?

దీపావళి సంచికకి పేలుడు పదార్థాల మీద సంపాదకీయం ఏమిటని మా సంపాదకవర్గంలోనే ఒకరిద్దరు నొసలు చిట్లించారు. చమురు మీద బతికే హ్యూస్టన్‌లో కూర్చుని ఆ మాట అడగడమే నాకు చిత్రంగా తోచింది. కేటీలోనో షుగర్‌ల్యాండ్‌లోనో ఏ తెలుగింట్లో సత్యనారాయణ వ్రతం జరిగినా, ప్రసాదం పుచ్చుకునేవాళ్ళలో చమురు కంపెనీ ఉద్యోగో, ఆ కంపెనీలకు పనులు చేసిపెట్టే సర్వీసు కంపెనీ ఉద్యోగో తప్పకుండా ఉంటారు. వాళ్ళలో చాలామందికి బావి గట్టు తొక్కే పని పడదు. వాళ్ళు రాసే కోడు, గీసే డ్రాయింగు, తయారుచేసే ట్రైనింగ్ పాఠం మాత్రం చివరకు పశ్చిమ టెక్సస్‌లో తెల్లటి సున్నపుమట్టి పరిచిన ఏ బావి దగ్గరో ఒక పాతికేళ్ళ కుర్రాడి చేతికి చేరతాయి. ఈ నెల మాట్లాడదలచింది ఆ కుర్రాడికి మనం నేర్పుతున్నదాని గురించి.

పని ఏమిటో ముందు చెప్పుకోవాలి. బావి తవ్వాక లోపల ఉక్కు గొట్టాలు దించి, వాటి చుట్టూ సిమెంటు నింపుతారు. దాంతో చమురున్న రాతిపొరకీ గొట్టం లోపలికీ మధ్య దారి మూసుకుపోతుంది. ఆ దారి తెరిచేది పెర్ఫరేటింగ్ గన్. పొడవాటి ఉక్కు గొట్టంలో షేప్డ్ చార్జీలు వరసగా బిగించి, అన్నిటినీ తాకేలా డిటనేటింగ్ కార్డు నడిపి, ఒక కొసన డిటనేటర్ పెట్టి, వైర్‌లైన్ తీగ మీద వేల అడుగుల కిందికి దించుతారు. పైనుంచి కరెంటు పంపగానే ఒక్కో చార్జీలోని లోహపు గరాటా నలిగి సన్నటి ధారగా మారి ఉక్కునీ సిమెంటునీ రాతినీ తొలుచుకుపోతుంది. కన్ను ఆర్పేలోగా అంతా అయిపోతుంది. రెండో ప్రపంచయుద్ధంలో ట్యాంకుల కవచం చీల్చడానికి వాడిన విద్యే ఇది. యుద్ధం అయ్యాక చమురు బావుల్లోకి దిగింది.

అంతకుముందు తూటాలు పేల్చేవారు. 1932లో కాలిఫోర్నియాలోని మాంటెబెల్లోలో గొట్టానికి తూటాలతో చిల్లులు పొడిచారు. ఇంకా వెనక్కి వెళితే, అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన ఎడ్వర్డ్ రాబర్ట్స్ అనే ఆయన 1865లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర బావి అడుగున టార్పెడో పేల్చి చమురు ఎక్కువ వచ్చేలా చేశాడు. మొదట తుపాకిమందు, ఆ తర్వాత నైట్రోగ్లిసరిన్. పేటెంటు ఆయనది, రుసుము భారీది. అది ఎగ్గొట్టడానికి జనం రాత్రిపూట దొంగచాటుగా బావులు పేల్చుకునేవారు. గుంతల దారుల్లో గుర్రపుబండి మీద నైట్రోగ్లిసరిన్ తోలుకెళ్ళే ఆ రోజుల్లో బళ్ళో పాఠాలెవరు చెప్పారు? బతికి ఉన్నవాడే గురువు.

ఇప్పుడు పుస్తకం ఉంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ చమురు క్షేత్రాల పేలుడు పదార్థాల భద్రతకి ఆర్పీ 67 అనే మార్గదర్శకం 1994లో తెచ్చింది. 2007లో రెండో కూర్పు, 2019లో మూడోది వచ్చాయి. ఈ మూడు తేదీల మధ్య బావి గట్టు ఎంత మారిందో చూడండి. 1994లో క్రూలో ఎంతమంది దగ్గర సెల్‌ఫోను ఉండి ఉంటుంది? ఇప్పుడు ఫోను, చేతి గడియారం, ట్యాబ్లెట్, ఉపగ్రహ ఇంటర్నెట్ డిష్, తీగలు లేని ప్రెజర్ సెన్సార్లు, పైన డ్రోను. ఇవన్నీ రేడియో తరంగాలు పంపేవే, ఆ తరంగాలు డిటనేటర్ తీగల్లో కరెంటు పుట్టించగలవు. దీనికి తోడు ఫ్రాక్ పంపుల్ని కరెంటుతో నడిపే కొత్త ఏర్పాట్లు. ఒక బావిలో గన్ దింపుతుంటే పక్క బావిలో పంపింగ్ జరుగుతూనే ఉంటుంది. దారితప్పిన కరెంటుకు ఇంతకన్నా అనువైన చోటు ఏముంటుంది?

గన్ కూడా మారింది. పాతకాలం చేతివాటం తెలిసినవాడు బావి దగ్గరే తీగ ఒలిచి, మెలిపెట్టి, డిటనేటర్‌ని నొక్కుపట్టుతో బిగించేవాడు. చాలాచోట్ల ఇప్పుడు గన్‌లు వర్క్‌షాపులోనే తయారై వస్తాయి. గట్టు మీద చేసేది ప్లగ్గు గుచ్చడమే. ఒక్కో గన్‌కీ విడి చిరునామా ఉన్న ఎలక్ట్రానిక్ స్విచ్చి ఉంటుంది, పిలిచినదే పలుకుతుంది. మామూలు రేడియో తరంగాలకి లొంగని డిటనేటర్లూ వచ్చాయి. ఇది మంచి మార్పే, సందేహం లేదు. ఇంత భద్రత పెరిగాక మనిషికి నేర్పేది తగ్గించవచ్చని అనుకోవడం దగ్గరే నాకు పేచీ. తీగ కనిపించనప్పుడు తీగలో ప్రమాదం ఉందన్న సంగతీ మరుగునపడుతుంది. మొదటిసారి గన్ కట్టినప్పుడు చేతులు వణికిన కుర్రాడు, రోజుకు అయిదారుసార్లు అదే పని చేస్తూ ఏడాది గడిపాక అదేదో పైపు బిగిస్తున్నట్టు బిగిస్తాడు. శిక్షణ కావలసింది మొదటి రోజుకన్నా ఆ రెండో ఏటికి.

ఆర్మింగ్, అంటే గన్‌కి డిటనేటర్ కలిపి పేల్చడానికి సిద్ధం చేయడం, ఎలా జరగాలో చూద్దాం. గన్ ఇంకా పైనే ఉంది. వెల్డింగ్ ఆపించారు, ఫోన్లన్నీ తీసుకుని ఒక పెట్టెలో వేశారు, రేడియోలు మూగబోయాయి. ఆకాశంలో మెరుపులుంటే పనే మొదలుపెట్టరు. రిగ్‌కీ బావి గొట్టానికీ వైర్‌లైన్ ట్రక్కుకీ మధ్య మీటరు పెట్టి వోల్టేజీ చూస్తారు. పావు వోల్టు దాటితే ఆ కరెంటు ఎక్కడిదో తేలేదాకా ముందుకు వెళ్ళకూడదు. ట్రక్కులో ఫైరింగ్ ప్యానెల్‌కి తాళం. ఆ తాళంచెవి ట్రక్కులో ఉండకూడదు, మేనేజరు దగ్గరా ఉండకూడదు. గన్ మీద చేతులు పెట్టి వంగి ఉన్న మనిషి జేబులో ఉండాలి. తన ప్రాణం తాళం తన దగ్గరే.

ఇక డిటనేటర్. దాన్ని మొదట మందపాటి ఉక్కు సేఫ్టీ ట్యూబులో పెడతారు. అందులో ఉండగానే ముందు కరెంటు తీగలు కలుపుతారు. కలిపేటప్పుడు ఎక్కడినుంచో కరెంటు దూరి డిటనేటర్ పేలినా, ట్యూబు లోపలే పేలుతుంది. చెవులు దిమ్మెక్కుతాయి గాని మనిషి మిగులుతాడు. తీగలు కలిశాయి, ఏమీ జరగలేదు అని తేలాకే దాన్ని ట్యూబులోంచి తీసి డిటనేటింగ్ కార్డుకి జతచేస్తారు. విప్పేటప్పుడు ఇదంతా తిరగేసి: ముందు కార్డు నుంచి డిటనేటర్‌ని వేరుచేయాలి, ఆ తర్వాతే తీగలు. ఈ వరస చాలామందికి కంఠతా వచ్చు. ఎందుకు ఈ వరస అని అడిగితే మాత్రం ‘ప్రొసీజర్ అంతే’ అంటారు. ప్రొసీజర్ అంతే అన్నవాడు, వాన పట్టి, వెలుతురు తగ్గి, ఫోర్‌మన్ తొందరపెడుతున్న వేళ ఆ వరసని తారుమారు చేయడని నమ్మకం ఏమిటి?

పేలని గన్ సంగతి మరీ ముఖ్యం. దీపావళి నాడు వత్తి కాలి పేలకుండా పడున్న లక్ష్మీబాంబు దగ్గరకు పిల్లలు పరిగెత్తబోతే పెద్దవాళ్ళు రెక్కపట్టి వెనక్కి లాగుతారు కదా. బావిలోనూ అంతే. పేలిన గన్ కన్నా పేలని గన్, సగం పేలిన గన్ పైకి వచ్చేటప్పుడు ఒళ్ళు దగ్గరపెట్టుకోవాలి. నేలమట్టానికి 200 అడుగుల దిగువకు చేరకముందే కరెంటు తీసేసి, తాళం వేసి, రేడియోలు ఆపి, మనుషుల్ని దూరం పంపాలి. పైకొచ్చాక కూడా లోపల ఒత్తిడి చిక్కుకుని ఉండవచ్చు. ఎదురుగా నిలబడి మూత విప్పినవాడి మీదికి ఆ ఉక్కు మూతే దూసుకొస్తుంది. ఎక్కడ నిలబడాలో, ఎక్కడ నిలబడకూడదో కంప్యూటరు తెర మీద బాణం గుర్తుతో చూపిస్తే చాలదు. మందు లేని డమ్మీ గన్ ముందు నిలబెట్టి చూపించాలి.

అడుగున వేడి ఇంకో లెక్క. ఆర్‌డీఎక్స్ చార్జీలు సుమారు 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఆగుతాయి. హెచ్ఎంఎక్స్ 200 దాకా, హెచ్ఎన్ఎస్ 260 దాకా, అదీ గంట లెక్కనే. గన్ మధ్యలో ఇరుక్కుపోతే గడియారం మాత్రం ఆగదు. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో కొన్ని లోతైన బావుల అడుగున వేడి 200 డిగ్రీలు దాటుతుంది. అక్కడ ఏ మందు ఎంతసేపు అన్నది షాపులో తేల్చుకోవలసిన విషయం. గన్ దిగాక చర్చించేది కాదు.

గోదావరి ప్రస్తావన ఎలాగూ వచ్చింది. 1995 జనవరిలో పాశర్లపూడిలో బ్లోఅవుట్ జరిగి 65 రోజులు మంటలు మండిన సంగతి కోనసీమ నుంచి వచ్చిన మన పాఠకులకు ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. అది పెర్ఫరేషన్ ప్రమాదం కాదు, తవ్వకంలో వచ్చినది. బావి చుట్టూ ఊళ్ళున్నప్పుడు క్రూ తప్పు క్రూతోనే ఆగదని మాత్రం ఆ జిల్లావాళ్ళకు తెలిసింది. భారతదేశంలో పేలుడు పదార్థాల లైసెన్సులు నాగపూర్‌లోని పెసో అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. 2008 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ ఉన్నాయి, చమురు గనులకు 2017 నాటి రెగ్యులేషన్లు ఉన్నాయి. గని కార్మికుల వృత్తి శిక్షణ నిబంధనలు మాత్రం 1966వి, వాటి ప్రకారం రిఫ్రెషర్ అయిదేళ్ళకోసారి. అమెరికాలో ప్రమాదకర సరుకు రవాణాలో పనిచేసేవాళ్ళకి మూడేళ్ళకోసారి. అయిదేళ్ళంటే ఎలక్ట్రానిక్ స్విచ్చిల్లో ఒక తరం గడిచిపోతుంది. మూడేళ్ళు కూడా నా ఉద్దేశంలో ఎక్కువే.

భాష సంగతి కూడా. కార్మికుడికి అర్థమయ్యే భాషలోనే శిక్షణ ఉండాలని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 2010లో తన ఇన్‌స్పెక్టర్లకు స్పష్టంగా రాసింది. పశ్చిమ టెక్సస్‌లోని పెర్మియన్ బేసిన్‌లో అంటే స్పానిష్. గోదావరి జిల్లాల్లో రిగ్ దగ్గర కాంట్రాక్టు పనిలో ఉండే కుర్రాడికి తెలుగు. వాడు ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టాడంటే పాఠం అర్థమైందని కాదు.

మళ్ళీ మనవాళ్ళ దగ్గరకు వద్దాం. 2002లో వచ్చిన సేఫ్ ఎక్స్‌ప్లోజివ్స్ యాక్ట్ ప్రకారం గ్రీన్ కార్డు లేకుండా ఇక్కడ ఉద్యోగం చేసే విదేశీయులు, కొద్దిపాటి మినహాయింపులు పోగా, పేలుడు పదార్థాలు చేపట్టడానికి వీల్లేదు. అంటే హెచ్-1బీ మీద ఉన్న మన ఇంజనీరు డిటనేటర్‌కి ఆజ్ఞ పంపే సర్క్యూట్ డిజైన్ చేయవచ్చు, దాని మీద పాఠమూ రాయవచ్చు. ఆ డిటనేటర్‌ని ముట్టుకోకూడదు. చట్టానికి దాని కారణాలు దానికున్నాయి, దాన్ని తప్పుపట్టను. కానీ పాఠం రాసేవాడికీ పని చేసేవాడికీ మధ్య ఇంత ఎడం ఉన్నప్పుడు పాఠం ఎలా ఉంటుందో ఊహించండి. అందమైన యానిమేషన్, ‘నెక్స్ట్’ బొత్తం, చివర పది ప్రశ్నలు, పదింటిలోనూ ‘పైవన్నీ’ అన్నదే సరైన జవాబు. ఈ రకం మాడ్యూలు నలభై నిమిషాల్లో ముగించి సర్టిఫికెట్ ప్రింటు తీసుకునేవాళ్ళని తప్పుపట్టలేం. దాన్ని అలా తయారుచేసినవాళ్ళం మనం. మాడ్యూలు మొదటి చిత్తుప్రతి చేతికి రాగానే పదేళ్ళు గన్‌లు కట్టిన మనిషిని గదిలోకి పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడానికి వీసా అడ్డం రాదు.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ రంగంలో ఎక్కువమంది ప్రాణాలు తీస్తున్నది పేలుడు కాదు, రోడ్డు. 2003 నుంచి 2013 వరకు అమెరికా చమురు, గ్యాస్ ఉత్పత్తిలో 1,189 మంది చనిపోయారు. వాళ్ళలో నూటికి నలభైమంది రవాణా ప్రమాదాల్లో పోయినవారే. రాత్రి షిఫ్టు దిగి, నిద్రలేని కళ్ళతో గన్‌లున్న ట్రక్కు నడిపే డ్రైవరుకు ఫైరింగ్ ప్యానెల్ పాఠం ఒక్కటే చెప్పి పంపితే ఏం లాభం? పేలుడు పదార్థాల శిక్షణలో నిద్ర గురించిన పాఠం ఉండితీరాలి. మేనేజర్లకి ఇది రుచించదు, డ్యూటీ గంటలు తగ్గించాల్సి వస్తుంది గనక.

శిక్షణని నిజంగా కొత్తగా ఉంచేవి తృటిలో తప్పిన ప్రమాదాలు. మీటరు సున్నా కాక ఇంకేదో చూపించిన రోజు, సేఫ్టీ ట్యూబులో డిటనేటర్ పేలిన రోజు, జేబులో ఫోను మర్చిపోయి గన్ దగ్గరకు వెళ్ళిన రోజు. ఇవి చెబితే ఉద్యోగం పోతుందన్న భయంతో జనం నోరు కట్టేసుకుంటారు. ఆ నోళ్ళు తెరవకపోతే ఆర్పీ 67కి నాలుగో కూర్పు, అయిదో కూర్పు వచ్చినా అందులో కొత్తగా చేర్చడానికి సరుకు ఎక్కడినుంచి వస్తుంది?

అందుకని మా వంతుగా ఒక పని పెట్టుకున్నాం. మిడ్‌లాండ్‌లోనో కాకినాడలోనో ఒమాన్‌లోనో వైర్‌లైన్ పనిచేసిన, చేస్తున్న పాఠకులు తమకు ఎదురైన అలాంటి ఒక సంఘటన రాసి పంపండి. మీ పేరు, కంపెనీ పేరు, బావి పేరు వద్దు. ఏ రకం గన్, ఏ పూట, ఎన్ని గంటలుగా డ్యూటీలో ఉన్నారు, పని ఆపమని ఎవరైనా అన్నారా, అంటే ఎవరు, అందుకు పైవాళ్ళు ఏమన్నారు, ఇవి చాలు. తెలుగులో రాయండి, అచ్చుతప్పులు మేం చూసుకుంటాం. సంక్రాంతి సంచికలో వేసి, ట్రైనింగ్ పాఠాలు తయారుచేసే మన సభ్యులందరికీ ఒక్కో ప్రతి చేరుస్తాం.