చవక కరెంటు లెక్క పంపు దగ్గర తేలాలి

వాతావరణం మారిపోతోందని రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. తొలకరి మొహం చాటేస్తే రెండోసారి విత్తనాలు కొనేది మనమే. కోసిన వరి పనల మీద తుపాను వాన పడితే మొలకెత్తిన ధాన్యం చూసి ఏడ్చేదీ మనమే. మా అనుమానం వాతావరణ మార్పు మీద కాదు. దాని పేరు చెప్పి చేసుకుంటున్న ఒప్పందాల మీద.

ఆంధ్రప్రదేశ్‌లో పవన విద్యుత్ సంగతే చూడండి. యూనిట్‌కు 4.84 రూపాయల దాకా ఇస్తామని డిస్కంలు 25 ఏళ్లకు ఒప్పందాలు రాసుకున్నాయి. 2017 ఫిబ్రవరిలో కేంద్ర సంస్థ సెకి జరిపిన తొలి పవన విద్యుత్ వేలంలోనే ధర 3.46కు పడిపోయింది. బజారులో ధర తగ్గింది గానీ మన ఒప్పందంలో తగ్గలేదు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం సమీక్షకు దిగితే కంపెనీలు కోర్టుకెక్కాయి. ఒప్పందంలో ఉన్న రేటే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తీర్పు చెప్పింది. సంతకం ఒక్కరోజు పని, భారం పాతికేళ్లు.

సౌర విద్యుత్ ఇప్పుడు చవకైన మాట నిజమే. కర్నూలు సోలార్ పార్కులో 2015లో 4.63 పలికిన ధర, 2017లో కడప పార్కుకు 3.15కు దిగింది. 2021లో రైతుకు పగటిపూట 9 గంటల ఉచిత కరెంటు పేరుతో 2.49 చొప్పున 7,000 మెగావాట్లకు మళ్లీ 25 ఏళ్ల ఒప్పందం చేసుకున్నారు. ఆ కరెంటు రాజస్థాన్ నుంచి రావాలి. 2.49 అనేది అక్కడి ధర, మన పంపు దగ్గరి ధర కాదు. దారిలో పోయే నష్టం, రాష్ట్రంలోని లైన్ల ఖర్చు, పొద్దు గూకాక థర్మల్ కేంద్రాలను నడిపే ఖర్చు కలిపితే ఎంతవుతుందో చెప్పేవారు లేరు.

వ్యవసాయ కరెంటు ఉచితమే, మనకెందుకని ఊరుకోలేం. కొనుగోలు ఖర్చు ఇంటి బిల్లులో సర్దుబాటు చార్జీగా వస్తుంది. సబ్సిడీ లెక్క పెరిగితే మోటారుకు మీటరు బిగించడానికి అదే సాకవుతుంది. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ముగ్గురు ప్రాణాలిచ్చిన పోరాటం తర్వాత, 2004లో దక్కిన హక్కు ఇది.

అందుకే అడుగుతున్నాం. ప్రతి ఒప్పందానికీ పంపు దగ్గరికి చేరే ధర ముందే ప్రకటించాలి. ధర తగ్గినప్పుడు రేటు తగ్గించే షరతు రాయాలి. సోలార్ పార్కులకు భూమి తీసుకునేటప్పుడు గ్రామసభ మాట వినాలి, కౌలుదారుకూ కూలీకీ పరిహారం ఇవ్వాలి. కుసుమ్ పథకం కింద బీడు భూముల్లో రైతులు, సహకార సంఘాలు 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంట్లు పెట్టి కరెంటు అమ్ముకునే వీలుంది. ఆ పెట్టుబడికి ప్రభుత్వమే పూచీ ఉండాలి.

విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరిపినప్పుడల్లా ప్రతి మండలం నుంచీ సభ్యులు తమ బిల్లులతో వెళ్లి ఈ లెక్క అడగాలి. ఎండా గాలీ మన ఊరివి. లాభం ఒకరికీ భారం మరొకరికీ అంటే ఒప్పుకోం.