తితిక్ష – ఔషధసేవనం

సాధనచతుష్టయంలోని శమాదిషట్కంలో తితిక్ష ఒకటి. ప్రతీకారం తలపెట్టకుండా దుఃఖాలను సహించడం, ఆ సహనంలో చింత గాని విలాపం గాని లేకపోవడం దాని లక్షణమని వివేకచూడామణి నిర్వచిస్తుంది. ప్రతీకారమంటే ఇక్కడ పగ కాదు, నివారణోపాయం. ఈ ఒక్క పదాన్ని పట్టుకొని "నిజమైన సాధకునికి మందులెందుకు?" అనే వాదం సత్సంగాలలో తరచు వినవస్తుంది. ముప్పై ఏళ్ళయినా నిండని వ్యక్తికి శ్వాసకోశాలలో దీర్ఘవ్యాధి నెలకొన్నప్పుడు ఈ అపవ్యాఖ్యానం ప్రాణాల మీదికి తేగలదు.

క్షయకారకమైన సూక్ష్మజీవికి దాయాదులనదగినవి అనేకం మట్టిలోనూ నీటిలోనూ సహజంగానే ఉంటాయి. మైకోబాక్టీరియం ఏవియమ్ వర్గం వాటిలో ముఖ్యమైనది. ఇవి అరుదుగా కొందరి ఊపిరితిత్తులలో స్థిరపడతాయి. అధికంగా వయోవృద్ధులకు వచ్చే వ్యాధియే అయినా యౌవనం దీనికి అడ్డు కాదు. సూక్ష్మదర్శిని క్రింద క్షయక్రిములకూ వీటికీ భేదం తెలియదు కనుక, క్షయ విస్తారంగా ఉన్న మన దేశంలో కొందరికి తొలుత క్షయచికిత్సయే ఆరంభమవుతుంది. కఫాన్ని కల్చర్ చేసి జాతిని నిర్ణయిస్తే గాని నిజం తేలదు. క్షయ వలె ఇది సాధారణంగా ఒకరినుండి మరొకరికి సోకదు. ఆ సంగతి తెలిసేలోపే ఇంట్లో గ్లాసు వేరు చేసి ఉంటారు, కుదిరిన సంబంధం వెనుకకు పోయి ఉంటుంది.

ఏవియమ్ వర్గానికి అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్ కలిపి ఇవ్వడం పరిపాటి. కల్చర్‌లో క్రిమి కనిపించడం మానిన నాటినుండి ఇంకా 12 నెలలు వాటిని సేవించాలి. వికారం, అరుచి, నారింజ వర్ణపు మూత్రం, చూపు దెబ్బతినకుండా నేత్రపరీక్షలు, నిత్యం కఫాన్ని వెలికి తెచ్చే శ్వాసక్రియలు. ఇంత చేసినా కొందరికి వ్యాధి తిరగబెడుతుంది. ఫలం నిశ్చయంగా తెలియని కర్మను ఒక్కనాడూ విడువక, ఎవరినీ నిందించక ఆచరించే ఆ యువకునిలో తితిక్ష లేదనగలమా? మందు మాని, రాత్రంతా దగ్గుతూ భవిష్యత్తును తలచుకొని కుమిలేవానిలో చింతా ఉన్నది, విలాపమూ ఉన్నది. నిర్వచనంలో సగాన్ని పాటించి మిగిలిన సగాన్ని విడిచిపెట్టడం తితిక్ష కాజాలదు.

"అంతా ప్రారబ్ధం" అనే మాట మరొకటి. అనుభవించేవాడు తన మనశ్శాంతికై తనకు తాను చెప్పుకోవలసిన సిద్ధాంతమిది. ఎదుటివాని రోగంపై తీర్పుగా ప్రయోగిస్తే క్రౌర్యమవుతుంది. (అలా పలికేవారు తమ రక్తపోటు మాత్రను మాత్రం వేళ తప్పనివ్వరు.) చరకసంహిత విమానస్థానం 3వ అధ్యాయంలో ఆయువు నియతమా, అనియతమా అని అగ్నివేశుడు ప్రశ్నిస్తాడు. దైవ పురుషకారాల బలాబలాలను బట్టి ఉంటుందని ఆత్రేయుని సమాధానం. ఆయువు సర్వథా నియతమే అయితే మంత్రౌషధాలకు ప్రయోజనమే ఉండదని కూడా అక్కడే చర్చ సాగుతుంది.

ఇక కుంభకం చేస్తే ఊపిరితిత్తులు శుద్ధి అవుతాయని చెప్పేవారు హఠయోగప్రదీపిక ద్వితీయోపదేశాన్ని ఒకసారి చూడాలి. అయుక్తాభ్యాసం వల్ల పుట్టే వ్యాధులలో శ్వాసకాసలను ఆ గ్రంథమే పేర్కొన్నది. వైద్యుని అడగకుండా, గాయపడిన ఊపిరితిత్తులతో దీర్ఘకుంభకం చేయించడం ఏ యోగశాస్త్రానికీ సమ్మతం కాదు.

హోమధూమం పడదని యాగశాల వెలుపల చెట్టు క్రింద కూర్చునే యువతులున్నారు. తులసికోటలో మట్టి మార్చేటప్పుడు ముఖానికి మాస్కు కట్టుకొనేవారున్నారు. వారిని చూసి భక్తి చాలదని పెదవి విరిచేవారు కొందరు. పూర్ణాహుతి కాగానే తీర్థప్రసాదాలను ఆ చెట్టు క్రిందికే తెచ్చి అందించేవారు మరికొందరు.