నెత్తురు చెప్పే మాట వినేదెవరు?

మన ఊళ్లల్లో గుండెపోటు పేరు తెలియనివాళ్లు లేరు. షుగరు తెలుసు, నోటి కాన్సరు తెలుసు. కానీ దొడ్డికి పోయినప్పుడు నెత్తురు పడితే మాత్రం అందరి నోటా ఒకటే మాట – "మొలలు". డాక్టరు చూడకముందే జబ్బు పేరు ఖాయమైపోతుంది. మన తొవ్వల పొంటి గోడల మీద "మొలలు, భగంధరం గ్యారంటీగా నయం" అని రాసి ఉన్న రాతలు చదువుతూ పెరిగినవాళ్లం మనం. ఆ రాతల కింద ఎందరి ప్రాణాలు అణగిపోయాయో లెక్క రాసినవాడు లేడు.

మా పెద్దనాయనది మరిపెడ. మిర్చి, పత్తి వేసుకునే రైతు. యాభై నాలుగేళ్ల వయసులో నెత్తురు పడటం మొదలైంది. ఏడాది పొడుగునా మొలల మందులు మింగిండు. మనిషి పాలిపోతే "ఒంట్లో నెత్తురు తక్కువుంది" అని బలం గోలీలు ఇచ్చారు. ఆ నెత్తురు ఎటు పోతున్నదని అడిగినవాళ్లు లేరు. చివరికి వరంగల్ పోయేసరికి పెద్దపేగు చివర పుట్టిన గడ్డ కాలేయం దాకా పాకింది. దినాలు అయిపోయిన తర్వాత మా అన్న నన్నడిగిండు: "తమ్మీ, నువ్వు జీవరసాయనం చదువుతున్నవు గదా! కాన్సరును పట్టిచ్చే నెత్తురు పరీక్ష ఉన్నదంట. అది ముందే చేయిస్తే బాపు బతికేటోడా?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

అన్న అడిగిన పరీక్ష పేరు సి.ఇ.ఎ. 1965లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పెద్దపేగు గడ్డల్లో ఒక మాంసకృత్తును కనుక్కున్నారు. తల్లి కడుపులో ఉన్న పిండం పేగుల్లోనూ ఇది విస్తారంగా ఉంటుంది. పుట్టిన తర్వాత బాగా తగ్గిపోయి, కాన్సరు వచ్చినప్పుడు మళ్లీ తల ఎత్తుతుంది. అందుకే దానికి పిండదశ పేరు పెట్టారు. ఇంకేం, ఒక్క చుక్క నెత్తురుతో కాన్సరు దొరికిపోతుందని ఆనాడు ప్రపంచమంతా ఆశపడింది.

ఆ ఆశ నిలవలేదు. ఎందుకంటే గడ్డ చిన్నగా ఉండి, కోసి తీసేస్తే నయమయ్యే దశలో సగానికి మించిన రోగుల్లో ఈ మాంసకృత్తు పెరగనే పెరగదు. మరోవైపు చుట్ట, బీడీ తాగేవాళ్లలో, కాలేయం చెడినవాళ్లలో, పేగు వాపు ఉన్నవాళ్లలో కాన్సరు లేకున్నా పెరుగుతుంది. ఒక లెక్క చూద్దాం. పదివేల మందిలో పది మందికి జబ్బు ఉన్నదనుకుందాం. ఆరోగ్యంగా ఉన్న ప్రతి నూరుమందిలో అయిదుగురికి పరీక్ష తప్పుగా "ఉన్నది" అని చెప్పిందనుకుందాం. అప్పుడు దాదాపు అయిదువందల మంది లేని కాన్సరుకు భయపడి ఎకరం అమ్ముకుని పట్నం పరుగెత్తాలి. ఉన్న పది మందిలోనో, సగం మందికి "నీకేం లేదు పో" అన్న ధీమా దొరుకుతుంది. ఏది ఎక్కువ ప్రమాదం? నన్నడిగితే రెండోదే!

అయితే ఈ మాంసకృత్తు పనికిరానిదా? కానే కాదు. దాని పని వేరు. జబ్బు ఉన్నదని తేలిన తర్వాత, ఆపరేషనుకు ముందు అది ఎక్కువగా ఉంటే రోగం మొండిదని ఒక సూచన. ఆపరేషను అయిన నాలుగు నుంచి ఆరు వారాల్లో మామూలు స్థాయికి దిగిరావాలి. దిగకపోతే ఎక్కడో ఇంకా మిగిలి ఉన్నదేమోనని వెతకాలి. మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి చూస్తూపోతే, జబ్బు తిరగబెట్టే సంగతి మనిషికి తెలియకముందే అది చెప్పగలదు. అంటే ఇది దొంగను పట్టే పోలీసు కాదు, దొంగ మళ్లీ వస్తున్నాడా అని చూసే కావలివాడు. ఈ తేడా చెప్పకుండా "ఫుల్ బాడీ చెకప్" పాకేజీల్లో దీన్ని చేర్చి అమ్మడం అన్యాయం.

గడ్డనే పరీక్షించి చూసే మాంసకృత్తులు ఇంకొన్ని ఉన్నాయి. కణం రెండుగా చీలేటప్పుడు డి.ఎన్.ఎ. నకలులో దొర్లే తప్పులను దిద్దేవి అవి. గడ్డలో అవి లేకుండా పోతే ఆ కుటుంబంలో జబ్బు వంశపారంపర్యంగా వస్తున్నదేమో చూడాలి. అప్పుడు అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్లనూ పిల్లలనూ ముందే కాపాడుకోవచ్చు. పైగా అటువంటి గడ్డ ముదిరి పాకినా, శరీర రక్షణశక్తిని ఉసిగొలిపే కొత్త మందులకు లొంగే అవకాశం ఎక్కువ.

మరి ముందే కనిపెట్టే దారి ఏది? అది కూడా ఒక మాంసకృత్తే! ఎర్రనెత్తురులోని హీమోగ్లోబిన్‌లో గ్లోబిన్ అనే భాగం ఉన్నది. మలంలో కంటికి కనిపించనంత నెత్తురున్నా, మనిషి గ్లోబిన్‌ను మాత్రమే గుర్తించే పరీక్ష ఒకటి ఉన్నది. పేరు ఫిట్. పాత పరీక్ష అయితే ముందురోజు యాట మాంసం తిన్నా తికమక పడేది. దీనికి ఆ పథ్యం లేదు. జపాను 1992 నుంచి దీన్ని తన ప్రజలకు చేయిస్తున్నది. ఇంగ్లండు 2019లో పాత పరీక్ష విడిచి దీనికి మారింది. ఇదీ తప్పులు లేనిది కాదు. పది కాన్సర్లలో ఏడెనిమిదింటిని పడుతుంది. "ఉన్నది" అంటే గొట్టం వేసి పేగు లోపల చూసి తేల్చుకోవాల్సిందే. కానీ పేగులో పుట్టిన చిన్న బొడిపె కాన్సరుగా మారడానికి సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. పదేళ్ల గడువు ఇచ్చే శత్రువు ఎంతమంది ఉన్నారు చెప్పండి?

"మన దేశంలో ఈ జబ్బు పడమటి దేశాలకంటే తక్కువ గదా, ఇంత హడావుడి ఎందుకు?" అనేవాళ్లున్నారు. నిజమే, తక్కువే. సర్కారు ముప్ఫయి ఏళ్లు దాటినవాళ్లకు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్ల పరీక్షలు పెట్టింది గాని పెద్దపేగును చేర్చలేదు. దానికి కారణాలున్నాయి. ఊరందరికీ చేయమని నేనూ అనను. కానీ మనవాళ్లలో ఈ జబ్బు చిన్న వయసులోనే వస్తున్నది, ముదిరినాక బయటపడుతున్నది. కాబట్టి నేనడిగేది మూడే.

ఒకటి: నెత్తురు పడుతున్నదని వచ్చిన ప్రతి మనిషికీ డాక్టరు వేలితో పరీక్ష చేయాలి. దానికి కరెంటు అక్కరలేదు, యంత్రం అక్కరలేదు. పెద్దపేగు చివరి భాగంలో పుట్టే గడ్డలు మన దగ్గర ఎక్కువ. వాటిలో చాలావాటిని ఆ వేలే చెబుతుంది.

రెండు: నెలసరి ఆగిన ఆడవాళ్లలో, ఏ వయసు మగవాళ్లలోనైనా నెత్తురు తక్కువైతే గోలీలు చేతిలో పెట్టి పంపొద్దు. కారణం వెతకాలి. అటువంటివాళ్లకూ, ఇంట్లో ఈ జబ్బు వచ్చినవాళ్లకూ ఫిట్ పరీక్ష ఊరి దవాఖానలోనే దొరకాలి. 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ద్వారా ఎన్నో పరీక్షలు ఉచితంగా చేస్తున్నారు. ఇదీ అందులో అందాలి.

మూడు: "ఉన్నది" అని తేలినవాడికి గొట్టం పరీక్ష జిల్లాలోనే జరగాలి. 2022లో మహబూబాబాదుకు వైద్య కళాశాల వచ్చింది. మరిపెడ మనిషి ఇంకా హైదరాబాదు బస్సే ఎక్కాలంటే ఆ కళాశాల ఎవరి కోసం?

సోదర విద్యార్థులారా! ఇందులో మన వంతూ ఉన్నది. దొడ్డి సంగతి మాట్లాడటానికి మన తల్లిదండ్రులు సిగ్గుపడతారు. బిడ్డ ముందు తండ్రి, కోడలి ముందు అత్త నోరు విప్పరు. ఆ సిగ్గే జబ్బుకు పెట్టని కోట. రేపు సెలవులకు ఊరికి పోయినప్పుడు పంటల సంగతి అడిగినట్టే ఈ సంగతీ అడగండి.

మా అన్నకు నేను చెప్పిన జవాబు ఇది: "అన్నా, ఆ నెత్తురు పరీక్ష బాపును బతికించేదని చెప్పలేను. కానీ మొదటి నెలలోనే ఒక్క డాక్టరు చేతికి గ్లవుజు తొడిగి ఉంటే, బాపు ఇయ్యాల మిర్చి కల్లంలో ఉండేటోడేమో. ఇప్పుడు మన వంతు. నువ్వూ నేనూ ఆ పరీక్షకు పోదాం పా."

అన్న ఇంకా రానన్నడు. ఈ దసరాకు తోలుకపోతా.