పెళ్లి తొందరలో పళ్లు చెక్కించుకోకండి

లగ్నపత్రిక రాసుకున్న మర్నాటి నుంచే చీరలు, నగలు, ఫొటోల పనుల సరసన ఇప్పుడు ఇంకో పని వచ్చి చేరింది: ముందు పళ్లకు స్మైల్ డిజైనింగ్. రెండే సిట్టింగుల్లో మల్లెమొగ్గల్లాంటి పలువరుస అన్న ప్రకటనలు ఫోన్ తెరిస్తే చాలు కనిపిస్తున్నాయి. ముహూర్తం దగ్గరపడ్డ ప్రతి ఇల్లూ ఈ మాట ఇవాళే వినాలి. పంటి పైపొర ఒకసారి పోతే మళ్లీ రాదు.

గోరు పెరిగినట్టు ఈ పైపొర, అంటే ఎనామెల్, పెరగదు. దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికే అంతరిస్తాయి. ముందు పంటి మీద ఆ పొర మందం మహా అయితే ఒక మిల్లీమీటరు. చిగురు దగ్గర అందులో సగమే. స్మైల్ డిజైనింగ్‌లో పంటి ముందువైపు వెనీర్ అనే పల్చని పింగాణీ రేకు అతికించడానికి సాధారణంగా 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల దాకా పన్ను చెక్కుతారు. చెయ్యి కాస్త లోతుకు పోతే లోపలి డెంటిన్ బయటపడుతుంది. దాని మీద జిగురు పట్టు తక్కువ. చల్లనీళ్లు తగిలితే పన్ను జివ్వుమంటుంది.

ఇంతకంటే భయపడాల్సింది వెనీర్ పేరు చెప్పి క్యాప్ వేయడం. క్యాప్ కోసం పన్నును నాలుగు వైపులా అరగదీస్తారు, సగానికి పైగా పోతుంది. పుచ్చి విరిగిన పంటికి అది అవసరమే. గట్టి పన్నును అందం కోసం మొద్దుగా మిగల్చడం అన్యాయం. పైగా పింగాణీ సాధారణంగా నిలిచేది 10, 15 ఏళ్లు. పాతికేళ్ల పిల్ల జీవితంలో మూడు నాలుగుసార్లు మళ్లీ ఆ కుర్చీ ఎక్కాలి.

2024 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో పెళ్లికి ముందు ఇలాంటి చికిత్సకే వెళ్లిన 28 ఏళ్ల యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. మత్తుమందు మోతాదు మించిందని కుటుంబం ఆరోపించింది. వెనీర్‌కు మామూలుగా చిగురు దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ చాలు. అంతకు మించి మత్తు ఇస్తామంటే ఎందుకో, ఇచ్చే మత్తు డాక్టరు ఎవరో తెలుసుకోకుండా ఒప్పుకోవద్దు.

నల్గొండ, ప్రకాశం జిల్లాల పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టడం మీ తప్పు కాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడ్ జబ్బును 1937లోనే గుర్తించారు. ఇన్ని దశాబ్దాలూ మంచినీళ్లు ఇవ్వలేకపోయినవాళ్లది ఆ తప్పు. సంబంధాలు తప్పిపోతున్నాయన్న బాధతో అప్పు చేసి ఎనిమిది పళ్లు చెక్కించుకోకండి. మచ్చ పైపైన ఉంటే దాన్ని సన్నగా రుద్ది తీసే మైక్రోఅబ్రేషన్, బ్లీచింగ్‌లతోనే చాలా మటుకు తగ్గుతుంది. ప్రభుత్వ దంత కళాశాలలో చూపించుకుంటే మచ్చ ఎంత లోతుందో చెబుతారు.

ఎక్కడికి వెళ్లినా ముందు అడగండి: వేసేది వెనీరా, క్యాపా? ఏ పన్ను ఎంత చెక్కుతారు? కాగితం మీద రాసివ్వమనండి. చెక్కకముందే నమూనా తొడిగి అద్దంలో చూపించమనండి. చిగుళ్ల నుంచి రక్తం కారుతున్నా, పళ్లు పుచ్చినా ముందు వాటికి వైద్యం జరగాలి. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే దాచకండి, పింగాణీ పగులుతుంది. బ్యూటీ పార్లర్లలో పంటి పని చేయించుకోనే వద్దు; డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న వైద్యులే చేయాలి.

ముహూర్తం నెల లోపే ఉందా? పళ్లు శుభ్రం చేయించుకుని అక్కడితో ఆపండి. మిగతాది పెళ్లయ్యాక నిదానంగా, ఇంకో డాక్టరుకు కూడా చూపించి నిర్ణయించుకోవచ్చు.