తోరణాల కింద నలిగిన జనం

"నాలుగు రోజుల ముచ్చటే కదా, ఎవరికేం నష్టం?" రాజుల ఊరేగింపుల కోసం వీధులు ముస్తాబు చేసిన కాలాన్ని తలుచుకుని మురిసిపోయేవాళ్లు తరచూ అనే మాట ఇది. కొయ్యతో, గుడ్డతో కట్టి వారం తిరక్కుండా విప్పేసేదానికి తప్పేమిటంటారు. జనం ప్రేమకొద్దీ చేసుకున్న పండగంటారు. ఈ వాదన తప్పు. 1863 మార్చిలో లండన్‌లో జరిగిందే అందుకు రుజువు.

విక్టోరియా రాణి పెద్దకొడుకును పెళ్లాడబోయే డెన్మార్క్ రాకుమారి అలెగ్జాండ్రా మార్చి 7న నగరంలోకి వచ్చింది. ఆమె బండి దాటే లండన్ బ్రిడ్జిని గుర్తుపట్టలేనంతగా మార్చేశారు. సిటీ (సొంత పెద్దలూ సొంత పోలీసులూ ఉన్న లండన్ నడిబొడ్డు) వైపు కొసన ఆకాశాన్నంటే విజయతోరణం, వంతెన పొడవునా పీఠాలు, జెండాలు, డెన్మార్క్ రాజుల బొమ్మలు, ముక్కాలి స్తంభాల మీద ధూపపాత్రలు. రాకుమారి ముక్కుకు ఏ వాసన తగలాలో కూడా ఆలోచించారు! వంతెన దిగాక లక్షల జనం ఎటు నిలబడాలి, ఎటు కదలాలి అన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు. సిటీ మేయరు నివాసమైన మాన్షన్ హౌస్ దగ్గర ఊరేగింపే జనంలో ఇరుక్కుపోయింది. సిటీ పోలీసులు ఏ మూలకూ చాలలేదు. పెళ్లి రోజైన 10వ తేదీ రాత్రి వేడుక కోసం వెలిగించిన దీపాలు చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు తొక్కిసలాటలో నలిగి చచ్చిపోయారు.

చిత్రకారుడు హోల్మన్ హంట్ ఆ రాత్రి వంతెనను చిత్రించాడు. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలో ఉన్న ఆ బొమ్మను వేడుక వైభవానికి సాక్ష్యంగా చూపిస్తారు. దీపాల మీంచి చూపు కాస్త కిందికి దించండి. అడుగు తీసి అడుగు వేసే చోటు లేక ఒకరి మీద ఒకరు పడుతున్న మనుషులు కనిపిస్తారు.

వడ్రంగులకు కూలి దొరికిందిగా అంటారు. దొరికింది, కాదనను. అదే కూలికి అదే వడ్రంగులు జనానికి కంచెలూ దారులూ కట్టిపెట్టేవాళ్లు. వాళ్ల చేత ఏం కట్టించాలో నిర్ణయించిన సిటీ పెద్దలదే తప్పు. ఆ పెద్దలే రాకుమారికి 10,000 పౌండ్ల వజ్రాల నగలు చదివించారు. మరోపక్క అమెరికా అంతర్యుద్ధంతో పత్తి ఆగిపోయి లాంకషైర్ మిల్లు కార్మికులు అప్పటికే పస్తులుంటున్నారు. పెళ్లయిన పది రోజులకు మిల్లు ఊరైన స్టేలీబ్రిడ్జ్‌లో కార్మికులకిచ్చే సహాయం తగ్గించి, డబ్బుకు బదులు చీటీలిస్తామంటే వాళ్లు తిరగబడ్డారు. ఊరేగింపు రోజున చేతులెత్తేసిన సిటీ పోలీసులను ఆ ఏడాదే మిగతా లండన్‌ను చూసే మహానగర పోలీసుల్లో కలిపేయడానికి హోంమంత్రి జార్జ్ గ్రే బిల్లు తెస్తే, సిటీ పెద్దలు పట్టుబట్టి దాన్ని వీగిపోయేలా చేశారు. తోరణాన్ని విప్పేశారు గానీ దాన్ని కట్టించిన పెత్తనాన్ని ఎవరూ కదపలేకపోయారు.