ఒకనాటి దీవి యాత్ర

దూరదేశము పోయిన గృహిణికి రెండు చింతలు తప్పవు: పెట్టిన ద్రవ్యమునకు తగినంత చూడవలెనని యొకటి, చూచినది ఇరుగుపొరుగువారికి చెప్పవలెనని వేరొకటి. గత సంవత్సరము మారిషసు దీవికి పోయినప్పుడు ఈ రెండును మాకు తోడుగా వచ్చినవి.

ఆ దీవి వైశాల్యము సుమారు 1,865 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ఒక కారును, దారి చూపువానిని ఒక దినమునకు మాట్లాడుకొన్నచో ముఖ్యస్థలములన్నియు చూడవచ్చునని తలచితిమి. బడిలో లెక్కలు చెప్పు మావారు ఏడు స్థలముల పట్టిక వ్రాసి, ఒక్కొక్కదానికి ఇన్ని నిమిషములని నిర్ణయించిరి.

దారి చూపుటకు వచ్చినాతడు నలువది యేండ్లవాడు. ఇంటి భాష క్రియోలే యైనను, బడిలో నేర్చిన తెలుగు కొంత మాటాడును. ఉదయముననే మమ్ము పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసి ఘాట్‌కు తోడుకొనిపోయెను. 1834 మొదలుకొని చెరకుతోటల కూలికై మన దేశమునుండి ఓడలలో వచ్చినవారి నుంచుటకు 1849లో ఏర్పడిన విడిది యది. పాత గోడలును, పదునారు రాతిమెట్లును మిగిలియున్నవి. యునెస్కోవారు 2006లో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి.

మెట్లే కదా యని మేము, “ఇక పోదము, నాయనా” అంటిమి. అతడు వంగి మెట్టును తాకి, చేయి కన్నుల కద్దుకొనెను.

“అమ్మా, మా అవ్వకు అవ్వ కోరంగినుండి వచ్చి ఇచ్చటనే దిగినది. తెలుగువారిని ఈ దీవిలో కోరంగీలనెడివారు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఆనాటి చిట్టాలున్నవి. వానిలో ఆమె పేరు దొరకినది. ఆ ఊరు చూచినవారు మాత్రము మాకు దొరకలేదు. మీది కాకినాడ యంటిరి కదా, కోరంగి ఇప్పుడెట్లున్నది?”

మా యింటికి కోరంగి గంట పట్టని దారి. మేమొక్కనాడును పోలేదు. ఆ మాట చెప్పుటకు నోరు రాలేదు, మౌనముగా కారెక్కితిమి.

మావారు పట్టికను మడిచి జేబులో పెట్టుకొనిరి. అటుపిమ్మట మూడు స్థలములే చూచితిమి. ఒకప్పటి అగ్నిపర్వతపు బిలమున నిలిచిన గంగా తలావును, శివరాత్రికి జనులు కాలినడకను వచ్చు త్రోవను చూచితిమి. షామరెల్‌లో నల్లరాయి చివికి ఏడు వన్నెల మన్నైన చోటు చూచితిమి. సాయంకాలమునకు లె మోర్న్ కొండ చేరితిమి. పారిపోయిన బానిసలు పూర్వము ఆ కొండపై దాగెడివారట. 1835లో బానిసత్వము తొలగుటచేతనే తోటలవారు మన కూలీల నంతగా రప్పించిరని అతడు చెప్పగా, ఉదయము చూచిన మెట్లకును ఈ కొండకును గల సంబంధము తెలిసినది. దారి పొడుగునను అచ్చటి సింహాద్రి అప్పన్న పూజనుగూర్చియు, ఉగాదికి అచ్చట నిచ్చు సెలవునుగూర్చియు చెప్పుచుండెను.

ఇల్లు చేరిన మరుసటి ఆదివారము కోరంగికి పోయితిమి. ఓడల రేవు లేదు; 1839 నాటి తుపాను దానిని నాశనము చేసినది. మడ అడవులును, ఉప్పుటేరును ఉన్నవి. వాని ఛాయాచిత్రము తీసి అతనికి పంపితిమి. “మా అమ్మ దీనిని అప్పన్న పటము ప్రక్క నుంచినది” అని జాబు వచ్చినది.

సోదరీమణులారా! మీ రెచ్చటికైనను ఇట్లు పోవునెడల బాడుగ, కాలము, భోజనము, ప్రవేశ రుసుము ముందే మాట్లాడుకొనుడు. స్థలములు మూడు నాలుగు చాలును. దారి చూపువాని ఊరు, ఇంటివారినిగూర్చి అడుగుడు. అతడును మీ ఊరినిగూర్చి అడుగును; బయలుదేరకముందే దాని నొకసారి చూచి పొండు.