పెట్రోలు తాగినవాడి మాట

నూరు ఎలుకలు తిన్న పిల్లి కాశీకి బయల్దేరిందట. ఫార్ములా వన్ మాజీ డ్రైవర్ సెబాస్టియన్ వెటెల్ పేరు ఎక్కడ వినపడినా మనవాళ్లు ఈ సామెతే అందుకుంటారు. ఈ వారం మా వాట్సాప్ గ్రూపులో ఎవరో సిల్వర్‌స్టోన్ పాత వీడియో ఒకటి పడేశారు. 2021 జులై, బ్రిటిష్ గ్రాండ్ ప్రి ముగిసింది. లక్షకు పైగా వచ్చిన జనం చెత్తంతా అక్కడే వదిలేసి ఇళ్లకు పోయారు. నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషి గ్యాలరీ మెట్ల మీద వంగి ఆ చెత్త ఏరుతున్నాడు. ఆ రోజు రేసులో ఆయన కారు చివరిదాకా నడవను కూడా లేదు. వీడియో కింద పోగైన వ్యాఖ్యల్లో సగం ఆ పిల్లి గురించే. పదహారు సీజన్లు పెట్రోలు తగలబెట్టి, నాలుగు తరాలకు సరిపడా వెనకేసుకుని, ఇప్పుడు భూమిని కాపాడతాడా అని.

నాకు ఒళ్లు మండింది. అంత మండాల్సిన విషయం కాదని తెలిసీ మండింది.

వెటెల్ మనకు అంత పరాయివాడేం కాదు. గ్రేటర్ నోయిడాలో కోట్లు పోసి కట్టిన బుద్ధ్ సర్క్యూట్ మీద ఫార్ములా వన్ జరిగింది మూడంటే మూడేళ్లు, 2011 నుంచి 2013 దాకా. మూడుసార్లూ గెలిచింది ఈయనే. మూడోసారి గెలిచిన రోజే నాలుగో ప్రపంచ టైటిల్ ఖాయమైంది. అప్పటికి వయసు ఇరవై ఆరు. ఆ ఊపులో కారును గ్రాండ్‌స్టాండ్ ముందు గిరగిరా తిప్పి, టైర్ల పొగ లేపి, దిగి కారు ముందు మోకరిల్లాడు. కారును నిబంధన ప్రకారం నేరుగా తీసుకెళ్లాల్సిన చోటికి తీసుకెళ్లనందుకు ఆయన జట్టుకు 25,000 యూరోల జరిమానా వేశారు. అక్టోబరు ఆఖరు, ఢిల్లీ పొలిమేర, పైగా ఆ పొగ. మనం చప్పట్లు కొట్టాం. ఇవాళ వెక్కిరింపులు టైపు చేస్తున్నవీ ఆ చేతులే.

తప్పు చేసినవాడు ఆ తప్పు గురించి మాట్లాడకూడదనే నియమం ఎక్కడిదో నాకు తెలీదు. మన దగ్గరైతే లేదు. కళింగలో నెత్తురు పారించిన అశోకుడే ధర్మశాసనాలు చెక్కించాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడికి వెళ్తే బండల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. వేమన కథ చెప్పేవాళ్లు భోగం ముందు చెప్పి, యోగం తర్వాత చెబుతారు. వాల్మీకి సంగతి వేరే చెప్పాలా? అడవిలో దారి కాచినవాడు రామాయణం రాస్తే భక్తిగా పారాయణ చేస్తాం. కారు తోలినవాడు చమురు తగ్గిద్దామంటే మాత్రం పాత పెట్రోలు బిల్లులు చూపించమంటాం.

పోనీ, ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడగలేదా అంటే, అడిగారు. 2022 మేలో బీబీసీ 'క్వశ్చన్ టైమ్' చర్చలో రాజకీయ నాయకుల సరసన కూర్చున్నాడు. ఇంధనం గురించీ వాతావరణం గురించీ మాట్లాడుతుంటే, ఫార్ములా వన్‌లో బండి తోలే మీరు ఈ మాటలు చెబితే కపటం అనిపించుకోరా అని వ్యాఖ్యాత నిలదీసింది. సభలో నవ్వులు. ఆయన నొచ్చుకోలేదు. నవ్వడంలో న్యాయముందన్నాడు. కారు దిగినప్పుడు ఆ ప్రశ్న తనకూ వస్తుందన్నాడు. టీవీలో ఒక పేరున్న మనిషి ఇలా ఒప్పుకోవడం నేను పెద్దగా చూడలేదు. మన దగ్గరైతే 'నా మాటల్ని వక్రీకరించారు' అని తెల్లారేసరికి ఖండన వచ్చేది.

రిటైరయ్యాక జ్ఞానోదయం అయ్యేవాళ్లంటే నాకూ చిరాకే. పింఛను ఖాయమయ్యాక ధైర్యం పుంజుకునే పెద్ద అధికారుల ఆత్మకథలు పుస్తకాల షాపులో ఒక అర నిండా ఉంటాయి. వెటెల్‌ను ఆ అరలో పెట్టకండి. ఆయన గట్టిగా మాట్లాడింది జీతం తీసుకుంటూ ఉండగానే. 2022లో మయామీ రేసుకు, 2060 నాటికి ఇక్కడ రేసు నీళ్ల కింద జరుగుతుందని రాసిన టీషర్టు వేసుకొచ్చాడు. మరుసటి నెల మాంట్రియల్‌లో, తారు ఇసుకల తవ్వకం కెనడా చేస్తున్న వాతావరణ నేరం అని రాసిన టీషర్టు. ఆ తవ్వకాల మీదే బతికే అల్బర్టా రాష్ట్రపు ఇంధన మంత్రికి కోపం వచ్చింది. మీ జట్టుకు డబ్బులిచ్చే సౌదీ అరామ్‌కో సంగతేమిటి అని ఎదురడిగింది. నిజమే, ఆస్టన్ మార్టిన్ జట్టు పేరులోనే అప్పటికి అరామ్‌కో ఉంది. టీషర్టు మీది మాటే రాయించుకున్న హెల్మెట్‌ను ఆదివారం రేసులో ఆయన పెట్టుకోలేదు. అక్కడ కాస్త తగ్గాడు. తగ్గకుండా ఉంటే నాకు ఇంకా నచ్చేవాడు. అయినా తనకు అన్నం పెట్టే కంపెనీ సరుకునే తప్పుపట్టిన ఆటగాణ్ని మీరు ఇంకెవర్ని చూపిస్తారు? ఆ జులై నెలాఖరులోనే రిటైరవుతున్నానని ప్రకటించాడు. అంతవరకూ సోషల్ మీడియాలో ఖాతా లేని మనిషి, ఆ మాట చెప్పడానికే ఒకటి తెరిచాడు.

బిల్లులు అడిగేవాళ్ల కోసం ఒక లెక్క చెబుతాను. ఫార్ములా వన్ సంస్థే 2019లో బయటపెట్టిన లెక్క ఇది. అంతకుముందు ఏడాది సీజన్ మొత్తానికి వాళ్ల కర్బన ఉద్గారాలు 2,56,551 టన్నులు. ఇందులో రేసు కార్లు తాగిన ఇంధనం వాటా 0.7 శాతం. సరుకు మోసే విమానాలూ ఓడలూ లారీలూ 45 శాతం. సిబ్బంది ప్రయాణాలు దాదాపు 28 శాతం. ప్రేక్షకులు వచ్చిపోవడానికి కాల్చింది ఇందులో కలపనేలేదు. అంటే మనం తిట్టిపోస్తున్న స్టీరింగు మీద పడే పాపం నూటికి ఒకటి కూడా కాదు. అసలు పాపం క్యాలెండరుది. 2022 జూన్ 12న రేసు బాకూలో, 19న మాంట్రియల్‌లో, జులై 3న మళ్లీ ఇంగ్లండులో. కాస్పియన్ ఒడ్డు నుంచి అట్లాంటిక్ దాటి కెనడా, అక్కడి నుంచి అదే సముద్రం దాటి వెనక్కి, కార్లూ టైర్లూ వంటగిన్నెలూ అన్నీ మోసుకుంటూ. ఏ సెప్టెంబరులోనో జరిగే జపాన్ రేసును 2024లో ఏప్రిల్‌కు జరిపారు. 2026 క్యాలెండరులో మాంట్రియల్‌ను మయామీ తర్వాత పెట్టారు. ఆయన చెబితే మార్చారని నేననను. ఈ ఆటలో అడగాల్సిన ప్రశ్న ఎక్కడుందో చెబుతున్నానంతే.

ఆయనతో నా పేచీ తేనెటీగల దగ్గర. రిటైరయ్యాక 2023లో జపాన్ సుజుకా ట్రాక్‌కు వెళ్లి, రెండో మలుపు అంచులకు పసుపూ నలుపూ రంగులు వేయించి, తేనెటీగలు ఉండటానికి పదకొండు చెక్క గూళ్లు పెట్టించాడు. డ్రైవర్లంతా వచ్చి నిలబడ్డారు. ఫొటోలు అందంగా ఉన్నాయి, నా ఇబ్బందీ అదే. కెనడా టీషర్టుకు ఒక మంత్రి మీదికొచ్చింది. గూళ్లకు అందరూ పళ్లన్నీ కనిపించేలా నవ్వారు. పాతతరం ఛాంపియన్లలో మాన్సెల్ నడిపిన 1992 నాటి కారునూ, సెన్నా 1993 నాటి కారునూ సొంతానికి కొనుక్కుని, శిలాజ ఇంధనం కాని ఇంధనంతో ట్రాక్ మీద తిప్పి చూపించడం కూడా పాత కార్ల మీది మోజుకు పచ్చరంగు పూసినట్టే ఉంటుంది నాకు. ఎవరికీ కోపం తెప్పించని పర్యావరణ ప్రచారాన్ని నేను నమ్మను.

ఎవరికీ కోపం రాని ప్రచారాలే మన వీరులకు ఇష్టం. 2021 ఐపీఎల్ మొదటి మ్యాచ్‌లో రోహిత్ శర్మ బూట్ల మీద ఒంటికొమ్ము ఖడ్గమృగం బొమ్మ వేసుకుని ఆడాడు. మంచి పనే, కాదనను. కానీ ఖడ్గమృగాన్ని కాపాడదామంటే అలిగే స్పాన్సరు లేడు, ఫోను చేసి గదమాయించే మంత్రీ లేడు. అదే ఊపిరాడని చోటికి రండి. 2017 డిసెంబరు, ఢిల్లీ కోట్లా మైదానం. గాలి బాగాలేదని శ్రీలంక ఆటగాళ్లు ముక్కులకు మాస్కులు కట్టుకున్నారు. ఆట ఆగింది. డబుల్ సెంచరీ చేసి అప్పటికే అవుటైన మన కెప్టెన్, మావాళ్లు బౌలింగుకు వస్తారు చూడండన్నట్టు ఇన్నింగ్స్ డిక్లేర్ చేశాడు. స్టాండ్స్‌లో ఇరవై వేల మంది కూర్చున్నారు, వాళ్లకు లేని బాధ మీకేమిటని మన బోర్డు పెద్దలు వెటకారం చేశారు. ఆ ఇరవై వేల మంది పొద్దున లేచి ఆ గాలే పీల్చాలి. వాళ్ల తరఫున ఒక్క మాటైనా లంకవాళ్లే అన్నారు, మనవాళ్లు కాదు.

అంతకు ముందు ఏడాది మహారాష్ట్రలో కరువు. లాతూరుకు రైలు ట్యాంకర్లలో తాగునీళ్లు తోలారు. అలాంటి వేసవిలో పిచ్‌లు తడిపే నీళ్ల సంగతి బొంబాయి హైకోర్టు పట్టించుకుని, ఏప్రిల్ తర్వాత ఐపీఎల్ మ్యాచ్‌లు రాష్ట్రం దాటించమంది. వాటిలో కొన్ని వచ్చి పడింది మన విశాఖపట్నంలోనే. స్టేడియం నిండిందని మురిసిపోయాం. రాయలసీమలో ఆ ఏడాది బోర్లు ఎండిపోయిన సంగతి మ్యాచ్ నడిచే మూడు గంటలూ ఎవరికీ గుర్తు రాలేదు.

హైదరాబాదుకు వస్తే 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ వచ్చింది. పొగలేని బ్యాటరీ కార్లు, స్వచ్ఛమైన గాలి నినాదం, హుస్సేన్ సాగర్ పక్కన రెండున్నర కిలోమీటర్లకు పైగా ట్రాక్. ట్రాక్ వేస్తూ నగరం నడిబొడ్డున రోడ్లు మూసేస్తే, ఆ దారి దిక్కయిన లక్షల బండ్లు చుట్టు తిరిగి ఎంత పొగ వదిలాయో ఎవరూ లెక్క కట్టలేదు. కార్లు పరుగెత్తింది కూకట్‌పల్లి నాలా మురుగు దశాబ్దాలుగా కలుస్తున్న చెరువు ఒడ్డున. ముక్కు ఉన్నవాడెవడికైనా ఆ వేదిక ఎంపికలో హాస్యం తెలుస్తుంది. మరుసటి ఏడాది రేసు రద్దయింది. ఇప్పుడు ఆ రేసు పేరు పేపర్లో చదవాలంటే ఏసీబీ వార్తల్లో వెతకాలి. 2025లో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల్లో చెట్లు కొట్టొద్దని విద్యార్థులు రోడ్డెక్కి పోలీసు వ్యాన్లెక్కితే, బుల్‌డోజర్లు ఆపించింది సుప్రీంకోర్టు. గచ్చిబౌలి అంటే స్టేడియాలూ అకాడమీలూ ఉన్న పేట. పొద్దున్నే ఆ చెట్ల గాలిలో పరుగెత్తి పతకాలు తెచ్చినవాళ్లు ఉన్నారు. వాళ్ల గొంతు ఒక్కటీ నా చెవిన పడలేదు.

మాట్లాడమంటే మొక్క నాటుతారు. ఇక్కడికి వస్తానని ఈ శీర్షిక చదివేవాళ్లకు ముందే తెలుసు, అయినా వస్తాను. 2023 ఐపీఎల్ ప్లేఆఫ్స్‌లో ఒక్కో డాట్ బాల్‌కు 500 మొక్కలన్నారు. స్కోరు పట్టీలో సున్నా బదులు చెట్టు బొమ్మ వేశారు. చెన్నై, గుజరాత్ ఆడిన మొదటి మ్యాచ్‌లోనే 84 డాట్ బాల్స్, అంటే 42,000 మొక్కలు. బ్యాటర్ బంతిని కొట్టలేకపోతే అడవి పెరిగే దేశం ప్రపంచంలో మనదొక్కటే. ఆ మొక్కలు ఏ ఊళ్లో, ఏ సర్వే నంబరులో, ఎన్ని బతికి ఉన్నాయో ఓవర్ల వారీగా ఎప్పుడైనా చూపిస్తే స్కోరు కార్డుతో పాటు దాచుకుంటాను.

తెలంగాణ హరితహారం 2015లో మొదలైనప్పుడు లక్ష్యం 230 కోట్ల మొక్కలు. గ్రీన్ ఇండియా ఛాలెంజ్ వచ్చాక ఒక తార మూడు మొక్కలు నాటి ఇంకో ముగ్గురు తారలకు సవాలు విసరడం ఆనవాయితీ అయింది. బ్యాడ్మింటన్, క్రికెట్, టెన్నిస్, సినిమా, ఎవరు మిగిలారు గనక! ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, చేతిలో కొత్త పార, ముందే తవ్వి పెట్టిన గుంట, పక్కన రెండు వరసల అధికారులు, ప్లాస్టిక్ సీసాలోంచి సన్నధారగా నీళ్లు. సీసా గుంట పక్కనే వదిలేసిన ఫొటో కూడా నేను చూశాను. డివైడర్ల మీదా కాలేజీల ప్రహరీల వెంటా త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ తెచ్చి వరసగా పెట్టారు. పక్షి గూడు కట్టదంటారు, పుప్పొడితో దగ్గులూ ఆయాసమూ అన్నారు, చివరికి ఆ ప్రభుత్వమే నర్సరీల్లో పెంచొద్దంది. నాటినప్పుడు ఫొటోలు దిగినవాళ్లు, కొట్టేస్తున్నప్పుడు ఒక్కరూ రాలేదు.

మళ్లీ వానాకాలం వస్తుంది, మళ్లీ ఛాంపియన్లు పారలు పడతారు. ఫొటోగ్రాఫర్లకు నాదొక విన్నపం. పోయినేడు ఎవరిచేత ఎక్కడ మొక్క నాటించి ఫొటో తీశారో మీ కెమెరాలో తేదీతో సహా ఉంటుంది. ఈసారి కొత్త గుంట దగ్గరికి వెళ్లేముందు, ఒకసారి ఆ పాత గుంట దగ్గరికి వెళ్లి అదే కోణంలో ఇంకొకటి తీసి ఈ పత్రిక ఆఫీసుకు పంపండి. రెండూ పక్కపక్కన వేయించే పూచీ నాది. కింద పేర్లు కూడా నేనే రాస్తాను.